సూర్యుని పట్టు కుండ

2025వ సంవత్సరము ఫిబ్రవరి మాసములో ఒకనాటి సాయంకాలము మదనపల్లె పొలిమేరలో ఒక కుమ్మరి పెద్ద ఇంటి అరుగుమీద మేము కూర్చుండి యుంటిమి. ఫ్రాన్సు దేశములోని వెస్ట్ అను యంత్రమున అతితప్తమైన వాయువును 1,337 సెకన్లు, అనగా ఇరువది రెండు నిమిషములకు పైగా, ఆరనీయక నిలిపిరని వార్తలలో చెప్పిరి. సూర్యునిలో జరుగు కార్యమునే నేలమీద జరిపించి విద్యుత్తును తీయుటకై లోకములో సాగుచున్న ప్రయత్నములలో ఇది యొకటియని మేము ఉత్సాహముతో వివరింపబోతిమి. ఆ పెద్దాయన సారెమీది చేయి తీయకుండగనే, “అంత నిప్పును ఏ కుండలో పెడతారు సామీ? ఆ కుండ ఏ మట్టితో చేస్తారు?” అని యడిగెను.

“అయస్కాంతముల బలముతో గాలిలోనే నిలుపుదురు, గోడకు తగులనీయరు” అని మేము చదివినది చెప్పితిమి. ఆయన నవ్వి, “తగలకపోతే వేడి ఎటు పోతుంది? నిప్పు ఉన్నాక వేడి యాడికో ఒకచోటికి పోవాల గదా” అనెను. మాకు తత్‌క్షణము సమాధానము తోచలేదు. విషయమును తిరిగి చదివి చూడగా ఈ మహాప్రయత్నమునకు మూలమైన చిక్కు ఆయన ప్రశ్నలోనే యున్నదని తెలిసినది. ఈ ప్రసంగము ఆయనకు మేము బాకీపడిన జవాబు. శ్రోతలు కూడ వినదగినదని తలంచి ఇచట వ్రాయుచున్నాము.

మొదట సంగతిని క్లుప్తముగా చెప్పెదము. ఉదజని జాతికి చెందిన డ్యుటీరియము, ట్రిటియము అను రెండు పరమాణువుల కేంద్రకములు మిక్కిలి వేగముతో ఢీకొని కలిసిపోయినచో హీలియము ఏర్పడును. ఒక న్యూట్రాను విడుదలయి యెగిరిపోవును. ఆ రెండింటితో అపారమైన శక్తి వెలువడును. దీనినే కేంద్రక సంలీనమందురు. 1955 ఆగస్టులో జెనీవా నగరమున జరిగిన అణుశక్తి మహాసభకు అధ్యక్షత వహించిన మన హోమీ భాభా, ఈ శక్తిని అదుపులో పెట్టి వాడుకొను ఉపాయము రెండు దశాబ్దులలో దొరకగలదని జోస్యము చెప్పెను. ఆ రెండు దశాబ్దులు 1975తో ముగిసినవి. ఆ పిమ్మట మఱి యైదు దశాబ్దులు గడచినవి. ఇంగ్లండులోని జెట్ అను యంత్రము 2023 అక్టోబరులో 0.2 మిల్లీగ్రాముల ఇంధనముతో 69 మెగాజౌళ్ళ శక్తిని పుట్టించినది. మన ఇంటి మీటరు లెక్కలో అది 19 యూనిట్లు. నలుసంత ఇంధనమునుండి ఒక కుటుంబమునకు కొన్ని దినములు సరిపడు శక్తి! అయినను ఆ వెలుగు నిలిచినది సుమారు ఐదు సెకన్లు మాత్రమే. ఆ ఏడాది డిసెంబరుతో జెట్ తన పని చాలించినది.

సంలీనము జరుగుటకు వాయువు 15 కోట్ల డిగ్రీల వఱకు వేడెక్కవలెను. సూర్యగర్భములోని వేడికి అది పదిరెట్లు. అట్టి స్థితిలో పరమాణువులు తమ ఎలక్ట్రానులను విడిచివేయును. ఆ విద్యుదావేశమయమైన వాయువునకు ప్లాస్మా యని పేరు. టోకమాక్ అను యంత్రములో, లోపల బోలుగానుండు పెద్ద గారెవంటి ఉక్కు గదిలో, అయస్కాంత క్షేత్రములు ప్లాస్మాను గోడకు దూరముగ త్రిప్పుచుండును.

15 కోట్ల డిగ్రీలన్న మాట వినగానే గుండె గుభేలుమనును. కాని ఉష్ణోగ్రత వేఱు, ఉష్ణము వేఱు. దీపావళినాడు కాకరపూవొత్తినుండి రాలు నిప్పురవ్వ పిల్లవాని చేతిమీద పడి ఆరిపోవును, వాడు వెఱవడు. దానికంటె ఎన్నో మడుగులు చల్లనిదైన మరుగునీరు గరిటెడు పడినచో చేయి బొబ్బలెక్కును. రవ్వలో వేడిమి హెచ్చు, సరకు తక్కువ. ఫ్రాన్సు దక్షిణభాగమున భారతదేశముతో సహా పలు దేశములు కలిసి నిర్మించుచున్న ఈటర్ యంత్రములో ప్లాస్మాకు 840 ఘనపు మీటర్ల చోటున్నను అందులోని ఇంధనమంతయు తూచినచో అర గ్రామునకు మించదు. అందలి మొత్తము ఉష్ణము సుమారు వేయి లీటర్ల చల్లని నీటిని మరిగించుటకు చాలును, అంతియే. కావున యంత్రము పగిలి భూగోళము భస్మమగునను భయము అక్కఱలేదు. అసలు చిక్కు మఱియొకటి. ఆ ఉష్ణము ఒకసారి నిండి ఊరకుండునది కాదు. క్షణక్షణము పుట్టుచుండును, క్షణక్షణము బయటికి రావలెను. కుమ్మరి పెద్ద అన్నది ఇదియే.

ఈటర్ ఉద్దేశించిన రీతిని పనిచేసినపుడు 500 మెగావాట్ల సంలీనశక్తి పుట్టును. అందులో 400 న్యూట్రానులవి. వానికి విద్యుదావేశము లేదు గనుక అయస్కాంతమును లెక్కసేయక నలుదెసలకు పోయి గోడ లోతున చొచ్చి అచ్చట వేడిని విడుచును. 700 చదరపు మీటర్ల గోడమీద సమముగా పంచుకొన్నచో అది భరింపరానిది కాదు. తక్కిన 100 మెగావాట్లు హీలియము కేంద్రకములతో ప్లాస్మాలోనే యుండిపోవును. మనము బయటినుండి వేడిచేయుటకు పంపునది 50. ఈ 150లో కొంత వెలుగుగా చెదరిపోగా, సుమారు 100 మెగావాట్లు ప్లాస్మా అంచునకు చేరి పొంగి పొరలును. ఈ పొరలునదే ప్రమాదకరము.

రాయలసీమవారికి చెరువు సంగతి చెప్పనక్కఱలేదు. కట్ట యెంత గట్టిదైనను వచ్చిన వాననంతయు నిలుపజాలదు. నీరు తనకు తోచినచోట కట్టనెక్కి పాఱినచో కట్ట తెగును. అందుచేత పెద్దలు ఒకచోట రాతిపఱుపు పఱచి మరవ కట్టిరి. మిగులు నీరు ఆ రాళ్ళమీదుగనే పోవలెను. దెబ్బ తగులుచోటును మనమే నిర్ణయించి అచ్చట మాత్రము రాయి పఱచుటలో ఉన్నది ఆ నేర్పు. టోకమాక్‌లోను ఇట్లే చేసిరి. అయస్కాంత రేఖలను అడుగుభాగమున విడదీసి, పొంగిన ప్లాస్మా అంతయు క్రిందనున్న ఒక తొట్టిలోనికి జాఱునట్లు మళ్ళించిరి. ఆ తొట్టికి డైవర్టరని పేరు. అది సంలీన యంత్రపు మరవ.

మరవ మిక్కిలి యిఱుకైనది. పొరలివచ్చు ప్లాస్మా యంచు మిల్లీమీటర్లలో కొలువదగినంత పలుచని పొర. అది తొట్టికి దిగునప్పటికి కొంత విచ్చుకొన్నను, యంత్రము చుట్టును రెండు సన్నని పట్టీలమీదనే పడును. ఒక్కొక్క పట్టీ పొడవు నలువది మీటర్లు, వెడల్పు ఐదు సెంటీమీటర్లు అని మోటుగా లెక్కించినను మొత్తము నాలుగు చదరపు మీటర్లు. అనగా ఒక పట్టెమంచమంత చోటు. దానిమీద 100 మెగావాట్లు పడినచో చదరపు మీటరునకు 25. మదనపల్లెలో వేసవి మిట్టమధ్యాహ్నము మిద్దెమీద పడు ఎండ చదరపు మీటరునకు సుమారు ఒక కిలోవాటు. ఇది దానికి 25 వేల రెట్లు. బట్టలు ఇస్త్రీచేయు వేయి వాట్ల పెట్టె అడుగున చదరపు మీటరు లెక్కన 50 కిలోవాట్లుండును. ఇది అట్టి పెట్టెలకు ఐదువందల రెట్లు. సాక్షాత్తు సూర్యబింబపు ఉపరితలమునుండి వెలువడునది చదరపు మీటరునకు 63 మెగావాట్లు. ఈటర్ డైవర్టరు నిరంతరము 10 మెగావాట్లను, అప్పుడప్పుడు కొలది సెకన్లపాటు 20 మెగావాట్లను తాళుకొనవలెనని నిర్ణయించిరి. 25ను 10కి ఎట్లు దింపుదురో పిమ్మట చెప్పెదము. మొదట ఆ పదిని తాళు గోడ యెట్టిదో చూతము.

ఇచట సామాన్యముగా తోచు ఆలోచన ఒకటి కలదు. వేడి ఎక్కువైనచో గోడను దళసరి చేయుదమని. కుమ్మరి ఆమునకు అట్లే చేయుదురు. ఆము గోడ వేడిని లోపలనే నిలుపవలెను గనుక మట్టి మందముగా మెత్తుదురు. లోపలి ముఖము ఎఱ్ఱగా కాలినను బయట చేయి పెట్టవచ్చును. కాని సంలీన యంత్రపు గోడ పని దీనికి పూర్తిగా విరుద్ధము. వచ్చిన వేడిని వచ్చినట్లే వెనుకకు పంపవలెను. నిలుపుకొన్నచో తానే కరగును.

ఇందుకు సరియైన పోలిక ఆము కాదు, బెల్లపు పెనము. పుంగనూరు, చిత్తూరు ప్రాంతములలో చెఱకు ఆడు దినములలో పొయ్యిలో పిప్పి భగభగ మండుచుండును. మంట నేరుగా ఇనుప పెనపు అడుగును నాకుచుండును. ఐనను ఇనుము ఎఱ్ఱబడదు. లోపల కాగు రసము తన మరుగుస్థానముకంటె వేడెక్కక, వచ్చిన వేడిని ఆవిరిగా ఎగురవేయుచుండును. పెనపు రేకు పలుచన గనుక మంట తాకు ముఖమునకును రసము తాకు ముఖమునకును పెద్ద తేడా యుండదు. అదే పెనమునకు అడుగున నాలుగంగుళాల ఇనుము పోతపోసిరనుకొనుడు. అడుగు ముఖము తప్పక ఎఱ్ఱబడును. సంలీన యంత్రమున గోడను రక్షించునది గోడ మందము కాదు, దాని వెనుక పాఱు నీరు. ఆ నీటికి గోడ ఎంత దగ్గఱైన అంత క్షేమము.

లెక్క చూచినచో ఇది మఱింత స్పష్టమగును. చదరపు మీటరునకు 10 మెగావాట్ల చొప్పున వేడి ఒక్క మిల్లీమీటరు మందముగల టంగ్‌స్టన్ రేకుగుండా పోవలెనన్న, దాని రెండు ముఖముల నడుమ 100 డిగ్రీల తేడా యేర్పడును. స్టెయిన్‌లెస్ ఉక్కునకు అదే మిల్లీమీటరున 500 డిగ్రీలకు పైగా తేడా కావలెను. కాల్చిన ఇటుకకు 10 వేల డిగ్రీలకు పైబడును, అనగా ఇటుక ఆవిరియైపోవును. ఎనిమిది మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ ఉన్నదనుకొన్న 800 డిగ్రీలు టంగ్‌స్టన్‌లోనే తీరును. వేడి 20 మెగావాట్లకు పెరిగినపుడు 1,600. గోడ పలుచనైన చల్లగా నుండును గాని త్వరగా అరిగిపోవును. మందమైన చాలకాలము మన్నవలసినది, వేడెక్కి చెడును. యంత్రకారులు ఈ రెండింటి నడుమ ఆఱు, ఎనిమిది మిల్లీమీటర్ల చోటును పట్టుకొని పెనుగులాడుచున్నారు. కోట్ల డిగ్రీల కథ చివరకు కొన్ని మిల్లీమీటర్ల బేరముగా తేలుట మాకు వింతగా తోచినది.

ఇక లోహము మాట. మొదట అందఱును బొగ్గుజాతికి చెందిన గ్రాఫైటును నమ్మిరి. అది కరగదు, మితిమీరిన వేడిలో నేరుగా ఆవిరియగును. గుజరాతు రాష్ట్రమున గాంధీనగరము చెంత భాట్ గ్రామములోనున్న ప్లాస్మా పరిశోధన సంస్థలో 1989లో మనవారే నిర్మించి నడిపిన ఆదిత్య టోకమాక్‌లోను, 2013లో తొలి ప్లాస్మాను చూచిన ఎస్.ఎస్.టి.–1 యంత్రములోను ప్లాస్మాకు ఎదురుగ నిలిపినది గ్రాఫైటే. కాని దానికొక దోషమున్నది. ఉదజని తగిలినచోటనెల్ల అది ఉదజనితో కలిసి వాయువై లేచిపోవును. వేఱొకచోట మరల మసివలె పేరుకొనును. ఆ మసిలో ట్రిటియము చిక్కుకొనును. ట్రిటియము రేడియోధార్మికమైనది, పన్నెండేండ్లకు కొంచెము పైగా గడచునప్పటికి సగము నశించును, ప్రకృతిలో దొరకుట మిక్కిలి అరుదు. విలువైన ఇంధనము మసిలో దాగినచో లెక్కయు తప్పును, అపాయమును పెరుగును.

తరువాత బెరిలియము వచ్చినది. అది తేలికయైన లోహము. ప్లాస్మాలో కొంత కలిసినను మంటను ఆర్పదు. జెట్ యంత్రమునకు 2011లో బెరిలియము గోడయు, టంగ్‌స్టన్ డైవర్టరును అమర్చి పరీక్షించిరి. ఈటర్ గోడకును అదే నిర్ణయము. కాని బెరిలియము 1,287 డిగ్రీలకే కరగును. దాని ధూళి ఊపిరితిత్తులకు విషము. చర్చోపచర్చలయిన పిమ్మట 2023లో ఈటర్ వారు గోడకు కూడ టంగ్‌స్టనే వాడవలెనని తీర్మానించి, తమ ప్రణాళికను తిరుగవ్రాసికొనిరి. 2024లో ప్రకటింపబడిన ఆ ప్రణాళిక ననుసరించి 2034లో పరిశోధన మొదలు కావలెను. డ్యుటీరియము, ట్రిటియములతో అసలు మంట 2039లో. గోడను మార్చుకొనుటకు జంకక, ఇంత ఆలస్యముగానైనను చేసిన తప్పును దిద్దుకొనుటను మేము మెచ్చుకొందుము.

టంగ్‌స్టన్ మన రేడియో శ్రోతలకు పాత నేస్తమే. వెనుకటి వాల్వు రేడియోల వెనుకభాగమున ఎఱ్ఱగా మినుకు మినుకుమను తీగ అదియే. పాత విద్యుద్దీపములో వెలిగిన తీగయు అదియే. 3,422 డిగ్రీలకు గాని కరగదు. లోహములలో ఇంతటిది వేఱొకటి లేదు. స్వీడను భాషలో ఆ పేరునకు బరువైన రాయి యని అర్థము. కుప్పమువారికి ఈ రాతితో చుట్టఱికము కూడ కలదు. కుప్పము దాటి కర్ణాటకములో ప్రవేశించిన కొంతసేపటికి కోలారు బంగారు గనుల దిబ్బలు తగులును. మన వైపున చిగురుగుంట, బిసానత్తము ఆ బంగారపు మేఖలలోని చోట్లే. 2001లో కోలారు గనులు మూతపడినవి. రాయిని నూఱి బంగారము తీసికొని విడిచిన బూడిదవన్నె దిబ్బలలో షీలైటు అను ఖనిజము స్వల్పపు పాళ్ళలో మిగిలియున్నది. అది టంగ్‌స్టన్ ఖనిజమే. అతినీలలోహిత దీపము వేసి చూచినచో చీకటిలో నీలపు తెలుపుగా మెఱయును. బంగారమునకై దిగిన లోతులనుండి పైకివచ్చిన ఆ రాతిపొడిని రైలులో పోవుచు ఎందఱు చూడలేదు! లోకములో తీయు టంగ్‌స్టన్‌లో అయిదింట నాలుగు పాళ్ళు చైనాది. మనము అధికభాగము దిగుమతి చేసికొనుచున్నాము. ఆ దిబ్బలనుండి సంలీన యంత్రములకు లోహము వచ్చునని మేము చెప్పుట లేదు. పాళ్ళు అంత స్వల్పము.

టంగ్‌స్టన్‌కును దోషములు లేకపోలేదు. దాని పరమాణువు బరువైనది, 74 ఎలక్ట్రానులది. తేలిక పరమాణువులు ప్లాస్మా నడిబొడ్డున తమ ఎలక్ట్రానులనన్నిటిని విడిచి ఊరకుండును. టంగ్‌స్టన్ కొన్నిటిని విడువక పట్టుకొని, వానిద్వారా వేడిని వెలుగుగా చిమ్ముచు ప్లాస్మాను చల్లార్చును. లక్షకు కొలది పాళ్ళు కలసినను మంట మందగించును. పాలకుండలో పడిన చింతపండు వంటిది. అందువలన గోడ కరగకుండిన చాలదు, రాలకుండవలెను కూడ. జర్మనీలోని ఆస్డెక్స్ అప్‌గ్రేడ్ యంత్రమును 2007 నాటికి పూర్తిగా టంగ్‌స్టన్ మయము చేసి, ఇట్టి గోడతోనైనను మంటను నిలుపవచ్చునని చూపిరి. మొదట చెప్పిన వెస్ట్ యంత్రపు గోడయు టంగ్‌స్టనే. ఆ ఇరువది రెండు నిమిషముల వార్తలో మాకు విశేషముగా తోచినది సెకన్ల లెక్కకంటె ఆ సంగతియే.

ఇప్పుడు డైవర్టరు నిర్మాణము. పూసలను దారమునకు గ్రుచ్చినట్లు టంగ్‌స్టన్ దిమ్మెలను రాగి గొట్టమునకు గ్రుచ్చుదురు. ఒక్కొక్క దిమ్మె సుమారు 28 మిల్లీమీటర్ల వెడల్పు, 12 మిల్లీమీటర్ల మందము. ఇట్టివి లక్షలకొలది కావలెను. నడుమనున్న గొట్టము క్రోమియము, జిర్కోనియము కలిసిన రాగి. అందులో నీరు ఒత్తిడితో పరుగిడును. చూచుటకు సులభము, చేయుటకు కష్టము. వేడి తగిలినపుడు రాగి టంగ్‌స్టన్‌కంటె దాదాపు నాలుగు రెట్లు వ్యాకోచించును. వేడిపాలు పోసిన గాజుగ్లాసు ఏల పగులునో తెలిసినవారికి దీని అపాయము తెలియును. రెండింటి నడుమ మెత్తని శుద్ధమైన రాగిని సన్నని పొరగా ఉంచి, ఆ మెత్తదనము ఇరువురి తగవును భరించునట్లు చేయుదురు. ఆ అతుకులో వెండ్రుకంత పగులున్నను వేడి నీటికి చేరదు; దిమ్మె కరగును. ఈ అతుకును భారతదేశమున సాధించుటకు ప్లాస్మా పరిశోధన సంస్థతో చేయి కలిపినది మన హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని ఇనుమేతర లోహముల సాంకేతికాభివృద్ధి కేంద్రము. శూన్యములో వేడిచేసి ఒత్తి అతికిన దిమ్మెలను గాంధీనగరమునకు పంపి, అచ్చట ఎలక్ట్రాను కిరణపుంజముతో కాల్చి, చల్లార్చి, మరల కాల్చి పరీక్షింతురు. ఈటర్ అడుగు పరీక్షలో 10 మెగావాట్ల దెబ్బ 5,000 మార్లు, ఆపైన 20 మెగావాట్ల దెబ్బ 300 మార్లు తగిలినను దిమ్మె చెక్కుచెదరరాదు.

దిమ్మెలను పేర్చుటలోను ఒక సూక్ష్మమున్నది. ప్లాస్మా నిట్టనిలువుగ వచ్చి పడదు. సంజెవేళ ఎండ నేలమీద ఏటవాలుగ పడినట్లు, మూడు డిగ్రీలపాటి వాలుతో రాచుకొని పోవును. అందువలన వేడి విశాలమున పఱచుకొనును. ఆ సంజె ఎండలో నేలనుండి ఒక చిన్న గులకరాయి లేచియున్న దాని ప్రక్క ముఖము ఎండనంతయు ఎదురుగ పట్టుకొనును గదా. అట్లే ఒక దిమ్మె తన ప్రక్కదానికంటె మిల్లీమీటరులో కొలది భాగము పైకి లేచినను దాని అంచు నేరుగా దెబ్బతిని కరగును. అందుకే ప్రతి దిమ్మె పైముఖమును అర మిల్లీమీటరు వాలుగా చెక్కి, ముందుదాని నీడలో వెనుకదాని అంచు దాగునట్లు చేసిరి. ఇంట బండలు పఱపించిన గృహస్థులెవరైనను ఈ పనివాని నైపుణ్యమును అంచనా కట్టగలరు.

నీటి సంగతి కూడ వినుడు. బాగుగ కాలిన దోసె పెనముమీద నీటిచుక్క వేసినచో అది వెంటనే ఇగిరిపోదు; ముత్యమువలె గుండ్రముగా పొర్లాడును. చుక్క క్రింద ఆవిరి పలుచని పఱుపుగా ఏర్పడి పెనపు వేడిని చుక్కకు చేరనీయదు. గొట్టములోపలి గోడమీద ఇట్టి ఆవిరిపొర యేర్పడినదా, నీరు ఉండియు లేనట్లే. క్షణములో గొట్టము చిల్లుపడును. అందుచేత గొట్టమునడుమ మెలిత్రిప్పిన రేకు నొకదానిని ఉంచుదురు. నీరు దాని వెంబడి సుడితిరుగుచు గోడకు విసరివేయబడి ఆవిరిబుడగలను నిలువనీయదు. ఎంత ఖరీదైన యంత్రమునకు ఎంత చవుక ఉపాయము!

నీటివైపున మనకు పగదైన ఆ పఱుపే ప్లాస్మావైపున మిత్రము. 25 మెగావాట్లను 10కి దింపుట యెట్లని ఇంతకుమున్ను నిలిపితిమి, జవాబు ఇది. డైవర్టరు తొట్టిలోనికి కొంచెము నియానో, నైట్రోజనో వదలుదురు. అంగళ్ళ పలకలమీద ఎఱ్ఱగా వెలుగు ఆ నియానే. అది దిగివచ్చు ప్లాస్మా వేడిని గ్రహించి వెలుగుగా మార్చి నలుదిక్కులకు చిమ్మును. ఒక్క పట్టీమీద పడవలసిన వేడి తొట్టి గోడలనిండ పంచబడును. వాయువు తగినంత చల్లబడినచో దిమ్మెలకు ముందు ఒక మెత్తవలె నిలిచి, ప్లాస్మాను దాదాపు తాకనీయకయే ఆపును. అయితే నియాను కొంచెము ఎక్కువైనచో పైనున్న ప్లాస్మాయే ఆరిపోవును. ఉప్పు వేయు చేయి తెలిసినదై యుండవలెను.

చిన్న యంత్రములు కట్టిన చవుకగా ముగియునుగదా యని అడుగువారున్నారు. పుంగనూరు ఆవును చూచినవారికి చిన్నదనము లోపము కాదని తెలియును. ఎత్తు మూడడుగులైనను పాలు చిక్కన, మేత స్వల్పము. అమెరికాలో డెవెన్స్ అనుచోట ప్రబలమైన అయస్కాంతములతో స్పార్క్ అను చిన్న టోకమాక్‌ను ఇట్టి ఆశతోనే తలపెట్టిరి. కాని చిన్న యంత్రమున పొంగునది పెద్దదానివలె పొంగి, పడుచోటు మాత్రము మఱింత యిఱుకగును. ఆవు విషయములో లేని చిక్కు ఇది. మంట పెద్దదిగను మరవ చిన్నదిగను చేసి చెరువు కట్టు ధైర్యము ఫలించునో లేదో చూడవలసియున్నది.

నిలకడగ వచ్చు వేడి ఒక యెత్తు. హఠాత్తుగ వచ్చునది ఒక యెత్తు. ప్లాస్మా ఒక్కొక్కప్పుడు అదుపు తప్పి కుప్పకూలును. అప్పుడు మునుపు చెప్పిన వేయి లీటర్ల నీటిని మరిగించు వేడి సెకనులో వేయవవంతుల కాలములో గోడమీద పడును. వేడి కొంచెమే, వ్యవధి మఱింత కొంచెము. నీటికి చేరు తీరిక దానికి లేదు; టంగ్‌స్టన్ పైపొర అక్కడికక్కడే కరగును. నియాను, ఉదజనులను గడ్డకట్టించి, ఆ గడ్డను ముక్కలుగ పగులగొట్టి ప్లాస్మాలోనికి పేల్చి, వేడినంతయు వెలుగుగా చెదరగొట్టుట దీనికి ఈటర్ వారు తలపెట్టిన చికిత్స. కూలుటకు ముందు సూచనను కనిపెట్టి పేల్చవలెను. ఇది కావలివాని పని వంటిది.

ఇంతవఱకు చెప్పినవన్నియు కష్టమైనను చేయి చాపిన అందునట్టివి. న్యూట్రానుల సంగతి అట్లు కాదు. అవి లోహము లోపలికి చొచ్చి పరమాణువులను వాని స్థానములనుండి తన్నివేయును. ఏండ్లతరబడి తగిలినచో టంగ్‌స్టన్ పెళుసగును. అందులో కొంత రీనియము, ఆస్మియము అను వేఱు లోహములుగ మాఱిపోవును. వేడిని పంపు గుణము తగ్గును. మనము ఎనిమిది మిల్లీమీటర్లకు కట్టిన లెక్క క్రొత్త లోహమునకు చెల్లును, పాతబడినదానికి చెల్లదు. ఈటర్ నిమిషముల లెక్కన వెలుగును; విద్యుత్తు అమ్మవలసిన యంత్రము నెలలతరబడి వెలుగవలెను. అంత న్యూట్రానుల వర్షములో తడిసిన లోహమును ఎవరును ఇంతవఱకు చేతపట్టి చూడలేదు. ఆ వర్షమును కృత్రిమముగ కురిపించి లోహములను పరీక్షించుటకు స్పెయిను దేశమున గ్రనాడాలో ఒక శాలను కట్టుచున్నారు.

టంగ్‌స్టన్ వెనుక గోడను మోయవలసిన ఉక్కునకు మన తెలుగునాట ఒక జవాబు తయారైనది. సామాన్యపు ఉక్కులో మాలిబ్డినము, నయోబియము ఉండును. అవి న్యూట్రానులు తగిలినచో వేలయేండ్లు రేడియోధార్మికములై యుండును. వాని స్థానమున నూటికి 1.4 పాళ్ళు టంగ్‌స్టన్‌ను, 0.06 పాళ్ళు టాంటలమును కలిపి, ధార్మికత సుమారు నూఱేండ్లలో అణగునట్టి ఉక్కును ప్లాస్మా పరిశోధన సంస్థయు, కల్పాకములోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రమును రూపొందింపగా, హైదరాబాదులోని మిశ్రధాతు నిగమము కరగించి పోతపోసినది. మనుమలు గోడను విప్పి బాగుచేసికొనుటకు వీలుగ తాతలు ఉక్కును పోయుట మంచి యాలోచనయే. ఈటర్ గది రెండు పొరల ఉక్కు గోడల నడుమ న్యూట్రానులను ఆపుటకు పేర్చు సుమారు 9,000 దిమ్మెలు కూడ భారతదేశపు వంతు. అవి తయారైనది కుప్పమునకు రైలులో కొన్ని గంటల దూరముననున్న బెంగుళూరులో.

ఈ వివరములన్నియు కూడగట్టుకొని మేము మరల మదనపల్లె వెళ్ళి ఆ పెద్దాయనకు చెప్పితిమి. బెల్లపు పెనము, చెరువు మరవ పోలికలకు తల యూపెను. ఆవిరిపఱుపు మాట వచ్చినపుడు లోపలినుండి ఆయన భార్య, “దోసె పెనం మీద నేను దినామూ చూసేదే గదా నాయనా” అని పలికెను. పిదప ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: “ఎన్నాళ్ళకు అరిగిపోతుంది? వంట సాగతా ఉండంగా కుండ మార్చేదానికి అవుతుందా?”

అవదని చెప్పితిమి. సూర్యుని ఆర్పవలెను. గోడ రేడియోధార్మికమై యుండుటచేత మనుష్యుడు లోపలికి పోరాదు. దూరమున కూర్చుండినవాడు మరచేతులతో 54 తునుకలుగ నున్న ఆ డైవర్టరును, ఒక్కొక్కటి పది టన్నుల బరువుగల దానిని, సన్నని ద్వారమునుండి వెలికిలాగి క్రొత్తదానిని అమర్చవలెను. ఎన్నాళ్ళకన్నది యంత్రము వెలిగిన పిమ్మటగాని తేలదు.

“మా ఆము మూతి ఏడాదికొక తూరి పగులుతుంది సామీ, మేమూ మెత్తుకుంటాము” అని ఆయన లేచి, మూల నానబెట్టిన మట్టిని ముద్దగా తీసికొని ఆము దగ్గఱకు పోయెను.